ఉప్పునీటి బాటలో ఇద్దరు ప్రయాణికులు

ఢిల్లీలో యమునకు తూర్పు గట్టున వెలసిన మయూర్ విహార్‌లో మూడు ఫేజుల ఇళ్ళున్నాయి, మెట్రో స్టేషన్లున్నాయి, ఉత్తర గురువాయూరప్ప ఆలయమున్నది. చేరువలోనే ఒక మహానది వున్నది. కాని ఆ నదిమీద పడవెక్కి ఫలానా ఊరికి వెళ్ళివచ్చామని చెప్పే మనిషి అక్కడ కనిపించడు. ఒకప్పుడు పరిస్థితి వేరు. కాస్త దిగువన ఓఖ్లా వద్ద 1874లో ప్రారంభమైన ఆగ్రా కాలువలో పడవలు నడిచేవి. 1904లో ఆ రాకపోకలు నిలిచిపోయాయి. నీరు మిగిలింది, బాట పోయింది.

మయూర్ విహార్‌లో చిరకాలంగా కాపురముంటున్న మా దంపతులకు నీటిబాటల మీద మమకారం మా ఆవిడ పుట్టింటినుంచి వచ్చినది. ఆమె నెల్లూరు జిల్లా ఆడపడుచు. వాళ్ళ తాతగారు సరుగుడు కట్టెలను పడవల కెత్తించి మద్రాసుకు పంపేవారు. ఆ పడవలు నడిచిన బకింగ్‌హాం కాలువను చూడాలనీ, నీరున్నచోట మోటారు పడవ మీద వెళ్ళాలనీ ఆమె కోరిక. ఒక జనవరిలో బయలుదేరాము.

ఈ నీటిబాట ఒక్క కాలువ కాదు, కాలువల గొలుసు. కాకినాడనుంచి ఒక కాలువ ధవళేశ్వరం వైపు గోదావరిని చేరుతుంది. అవతలి గట్టునుంచి ఏలూరు కాలువ బయలుదేరి విజయవాడ వద్ద కృష్ణను కలుస్తుంది. కృష్ణ దాటిన తరువాత కొమ్మమూరు కాలువ పెదగంజాం దాకా వెళుతుంది. అక్కడినుంచి బకింగ్‌హాం కాలువ. అది సముద్రాన్ని ఎడమచేతి వైపు వుంచుకొని నెల్లూరు తీరం వెంట సుమారు 315 కిలోమీటర్లు సాగి చెన్నైకి చేరుతుంది. చెన్నై దాటి మరో 100 కిలోమీటర్లకు పైగా మరక్కాణం వరకు పోతుంది. గోదావరి మీద ఆనకట్ట 1852లో, కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తికావడంతో పొలాలకు నీళ్ళిచ్చే కాలువలే ప్రయాణానికి కూడా దారులయ్యాయి.

బకింగ్‌హాం కాలువ పుట్టుక దక్షిణాన జరిగింది. బాసిల్ కొక్రేన్ అనే వ్యాపారి 1806లో మద్రాసునుంచి ఎన్నూరు దాకా పదకొండు మైళ్ళు తవ్వించాడు. 1837లో ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకొని ఉత్తరానికి పొడిగిస్తూ వచ్చింది. 1876 – 78 నాటి మహాక్షామంలో, మద్రాసు నగరంలోని కూవం, అడయారు నదులను కలిపే 8 కిలోమీటర్ల ముక్కను కరవు కూలీలు తవ్వారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు 1878లో కాలువకు స్థిరపడింది. పేరు ప్రభువుది, చెమట ఆకలిగొన్నవారిది.

మేము పెదగంజాంనుంచి దక్షిణానికి రోడ్డుమార్గాన కాలువ వెంట వచ్చాము. చాలాచోట్ల పడవ నడిచే వీలు లేదు. పూడిక, తూటికాడ, గట్ల నానుకొని చెరువులు. అక్కడక్కడ పాత లాకులు కనిపించినప్పుడు మా ఆవిడ కారాపించి దిగేది. లాకంటే కాలువకు అడ్డంగా, ఎడం ఎడంగా కట్టిన రెండు తలుపుల జతలు. పడవ మధ్యలోకి రాగానే వెనుక తలుపులు మూస్తారు. ముందున్న నీటిమట్టంతో సమానమయ్యేదాకా నీటిని వదలడమో, తీయడమో చేస్తారు. అప్పుడు ముందు తలుపులు తెరుస్తారు. నదులు కాలువను దాటే చోట్ల ఈ తలుపులే లేకపోతే వరదనీరు కాలువలో చొరబడి ఇసుకతో నింపేది. తలుపులు మూసే చేతులు లేనిచోట ఇప్పుడు జరిగినదీ అదే.

ఈ దారిన బియ్యం, ఉప్పు, కట్టెలు మద్రాసుకు పోయేవి. గాలి వుంటే తెరచాప ఎత్తేవారు, లేకుంటే గడలు వేసేవారు, గట్టున నడుస్తూ తాళ్ళతో లాగేవారు. రైళ్ళు, లారీలు వచ్చి సరుకును తగ్గించాయి. 1965, 1966 సంవత్సరాల తుపానులు కాలువను దెబ్బతీశాయి. ఆ తరువాత అది కోలుకోలేదు.

మాకు పడవ దొరికినది తడ సమీపాన భీమునివారిపాలెంలో. అది పులికాట్ సరస్సు గట్టు. చిలక తరువాత దేశంలోకెల్లా పెద్దదైన ఈ ఉప్పునీటి సరస్సుకు తెలుగువారు పెట్టుకున్న పేరు ప్రళయకావేరి. బకింగ్‌హాం కాలువ దారి సరస్సు తూర్పు అంచున సాగుతుంది. ఆ అంచుకు, సముద్రానికి నడుమ రాకెట్ల కేంద్రమున్న శ్రీహరికోట దీవి. ఒక మత్స్యకారుడు తన మోటారు పడవలో మమ్మల్ని ఇరకం దీవికి తీసుకువెళ్ళడానికి ఒప్పుకున్నాడు.

గట్టు వదిలిన కొంతసేపటికి దూరాన తెల్లని గీత కనిపించింది. దగ్గరయ్యేకొద్దీ అది గులాబి రంగు తిరిగింది. రాజహంసలు! చలికాలంలో అవి వేల సంఖ్యలో వస్తాయి. ముక్కులు తలక్రిందుగా ముంచి, బురదనీటిని వడగట్టి తింటాయి. ఇంజను చప్పుడుకు ఒక వరుస లేచి, కొద్ది దూరంలో మళ్ళీ వాలింది. మా ఆవిడ నీటిలో చేయి పెట్టి, నాలుకకు తాకించి చూసింది. “ఉప్పే” అన్నది, చుట్టాన్ని గుర్తుపట్టినట్టు.

నడిమధ్యలో పడవవాడు ఇంజను ఆపి, గడ తీశాడు. సరస్సు సగటు లోతు మీటరు మాత్రమే. “మోటారు ఎంత పెద్దదైతే ఏమమ్మా, అడుగున నీళ్ళుండాలి గదా” అన్నాడు. సముద్రపు నీరు లోనికి వచ్చే ముఖద్వారాలు ఇసుకతో మూసుకుపోతే చేప రాదు, రొయ్య రాదు, చివరకు పడవా కదలదు. అందుకే రాయదొరువు వద్ద పూడిక తీయించమని ఇక్కడి జాలరులు ఏళ్ళ తరబడి కోరుతున్నారు. ఇరకంవారికి పడవ విహారం కాదు. సరుకులకు, బడికి, ఆసుపత్రికి అదే దారి. మా పడవలో తిరుగు ప్రయాణానికి ఒక ముసలమ్మ మందుల సంచీతో ఎక్కింది. “దూరంనుంచి వచ్చారా నాయనా?” అని నన్నడిగింది. ఢిల్లీ అంటే, “అక్కడ ఏరు లేదా?” అన్నది. ఉన్నదన్నాను. మరి పడవ కోసం ఇంతదూరం ఎందుకు వచ్చారని ఆమె ముఖంలో ప్రశ్న నిలిచింది.

కాలువ ఇంకా పనికివస్తుందా? 2004 డిసెంబరు 26న దానికి జవాబు దొరికింది. సునామీ అలలు తీరం దాటినప్పుడు పెదగంజాంనుంచి చెన్నై దాకా ఈ కాలువ ఆ నీటిని తనలో నింపుకొన్నది. కొన్నిచోట్ల పొంగినా పది పదిహేను నిమిషాలలో నీరు సముద్రానికి మరలింది. ఎందరో మత్స్యకారుల ప్రాణాలు దక్కాయి. పాడుబడిన గోతికే అంత శక్తి వుంటే, బాగుచేసిన కాలువకు ఎంత వుండాలి?

2008లో ఈ గొలుసును, గోదావరి, కృష్ణా నదుల భాగాలతో కలిపి, నాలుగవ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. 2016 చట్టం దేశంలో జాతీయ జలమార్గాల సంఖ్యను 111కు పెంచింది. ఢిల్లీనుంచి ప్రయాగ దాకా యమున కూడా వాటిలో ఒకటి. జలరవాణా నిపుణులు చెప్పే లెక్క ప్రకారం ఒక అశ్వశక్తి రోడ్డుమీద 150 కిలోలను, రైలుమీద 500 కిలోలను, నీటిమీద 4,000 కిలోలను లాగగలదు. లెక్క బాగానే వున్నది. కాని కాగితం మీద గీసిన గీత పడవను మోయదు. పూడిక తీయాలి, మురుగు ఆపాలి, లాకులకు తలుపులు పెట్టాలి, తక్కువ ఎత్తు వంతెనలను లేపాలి. చెన్నైలో కాలువ వెంబడి రైలు స్తంభాలే లేచాయి. అక్కడ వెనుకకు మళ్ళడం తేలిక కాదు. నెల్లూరు తీరాన ఇంకా అవకాశమున్నది.

సరుగుడు కట్టెల పడవలు తిరిగిరావు. గ్యాసు పొయ్యిల పట్నానికి వాటితో పని లేదు. కాని తుపానునాడు నీటిని పుచ్చుకొనే కాలువ, మామూలు రోజున మనిషిని మోసే కాలువ రెండూ ఒకటే. దానిమీద రోజూ పడవ నడుస్తుంటే పూడిక ఎక్కడ పడినదో ఆ రోజే తెలుస్తుంది. ఎవరూ నడవని బాట మూసుకుపోయినా ఎవరికీ తెలియదు.