తప్పిన గురి, తప్పని గురి

1933 ఫిబ్రవరి 15, మయామీ. ఐదడుగుల జుసెప్పె జంగారాకు జనం తలల మీదుగా, అమెరికా అధ్యక్షుడిగా ఎన్నికైన రూజ్‌వెల్ట్ సరిగా కనబడలేదు. కుదురు లేని కుర్చీ ఎక్కి పిస్తోలు పేల్చాడు. గురి తప్పింది. తూటా తగిలిన షికాగో మేయర్ సెర్మాక్ మూడు వారాలకు కన్నుమూశాడు. రూజ్‌వెల్ట్ మాత్రం ఆ తర్వాత పుష్కరకాలం అమెరికాను ఏలాడు.

ఫిలిప్ కె. డిక్ 1962 నవల 'ద మ్యాన్ ఇన్ ద హై కాజిల్'లో ఆ గురి తప్పదు. రూజ్‌వెల్ట్ లేని అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలో ఓడి జర్మనీ, జపాన్‌ల పాలవుతుంది.

మన దగ్గర జయంత్ నార్లీకర్ ఇలాగే పానిపట్టు యుద్ధాన్ని తిరగరాశారు. 1761లో మరాఠా పీష్వా కొడుకు విశ్వాసరావును బలిగొన్న తూటా, ఆయన కథలో చెవి పక్కనుంచి దూసుకుపోతుంది. మరాఠాలు గెలుస్తారు.

ఇలాంటి రచనల్లో మార్పు ఎంత చిన్నదైతే కథ అంత బలంగా పట్టుకుంటుంది. మనిషి స్వభావం మాత్రం మారకూడదు. ఫిలిప్ రాత్ 'ద ప్లాట్ అగెనెస్ట్ అమెరికా' (2004) అందుకే గుండెలో దిగబడుతుంది. అందులో 1940 అధ్యక్ష ఎన్నికల్లో విమానవీరుడు లిండ్‌బర్గ్ గెలుస్తాడు. యూదుల ఇళ్లలో భయం మొదలవుతుంది. ఏడేళ్ల పిల్లవాడికి పీడకల: ప్రాణంగా దాచుకున్న తపాలా బిళ్లల మీద నల్లటి స్వస్తిక! ఆ పిల్లవాడి పేరూ ఫిలిప్ రాతే.

యూదులు దేశాన్ని యుద్ధంలోకి నెడుతున్నారని లిండ్‌బర్గ్ 1941 సెప్టెంబరులో డెమోయిన్‌లో నిజంగానే ప్రసంగించాడు. రాత్ ఆ ప్రసంగాన్ని నవల చివర అచ్చువేశాడు. ఏది కల్పనో, ఏది లిండ్‌బర్గ్ నోటి మాటో పాఠకుడే పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.