రెక్కలలో నీళ్ళు

ఇంజనును చూడగానే చాలామంది, "దీని బలం ఎంత?" అని అడుగుతారు. నాకు మాత్రం, "దీని వేడి ఎటు పోతుంది?" అని అడగటం అలవాటు. ఇంజనులో మండిన పెట్రోలు ఇచ్చే వేడిలో పనిగా మారేది సుమారు మూడో వంతే. మిగిలిన దానిలో కొంత పొగతో బయటికి పోతుంది. కొంత ఇంజను లోహానికి పడుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు తీసివేయకపోతే నూనె పలచబడుతుంది, పిస్టనులు బిగుసుకుపోతాయి, ఇంజను ఆగిపోతుంది.

లారీలో ఈ వేడిని తీసేది రేడియేటరు. ఇంజను చుట్టూ తిరిగి కాగిన నీరు అందులోని సన్నని గొట్టాలలోకి వస్తుంది. గాలి తగిలి చల్లబడి, మళ్ళీ ఇంజనులోకి పోతుంది.

లండనులోని సైన్సు మ్యూజియంలో ఎస్.6బి అనే పందెపు విమానాన్ని చూసినప్పుడు కూడా నేను రేడియేటరు కోసమే వెతికాను. ముక్కు కింద లేదు, పొట్ట కింద లేదు, రెక్కల కిందా లేదు. 2,300 అశ్వశక్తి గల ఇంజనుకు రేడియేటరు లేకపోవటమేమిటి?

ఆ విమానం 1931లో ష్నైడర్ ట్రోఫీ కోసం తయారయింది. అది నీటి మీద దిగే విమానాల పందెం. ఎస్.6బికి రూపకల్పన చేసినవాడు ఆర్. జె. మిచెల్, ఇంజను రోల్స్ రాయిస్ వారిది. అంత ఇంజనుకు తగిన రేడియేటరును బయట తగిలిస్తే అది గాలికి అడ్డుపడి, ఇంజను బలంలో ఎంతో భాగాన్ని తానే మింగేస్తుంది. రేడియేటరు లేకపోతే ఇంజను మాడిపోతుంది. మరి ఏం చేయాలి?

పులిహోర కలిపేముందు మీ అమ్మ వేడి అన్నాన్ని వెడల్పాటి పళ్ళెంలో ఆరబోయటం చూసే ఉంటారు. గిన్నెలో ఎంతకీ చల్లారని అన్నం పళ్ళెంలో త్వరగా చల్లారుతుంది. గాలి తగిలే మేర ఎక్కువైనకొద్దీ వేడి త్వరగా పోతుంది. విమానంలో అటువంటి పళ్ళెం ముందే ఉంది. అదే రెక్క!

అందుచేత రెక్కల పైతొడుగును రెండేసి పలచని రేకులతో చేసి, వాటి మధ్య సన్నని సందులో వేడినీటిని పారించారు. రెక్క ఎలాగూ గాలిలో దూసుకుపోతుంది గనుక, రేకులకు తగిలే గాలే నీటిని చల్లార్చేది. రెక్కలు ఒక్కటే చాలలేదు. విమానాన్ని నీటి మీద నిలిపే పడవల పైభాగాన్ని కూడా రేడియేటర్లుగా మార్చారు. ఇంజను నూనెను పక్కల వెంట తోక దాకా పంపి, చల్లార్చి, వెనక్కి తెచ్చారు. నేను వెతికిన రేడియేటరు నా కళ్ళెదుటే ఉంది. విమానం ఒంటిలో చాలా భాగం రేడియేటరే!

ఇంత చేసినా విమానచోదకుడు వేడిని చూపే ముల్లును కనిపెట్టి ఉండవలసిందే. ముల్లు హద్దు దాటబోతే, ఎంత పందెమైనా ఇంజను జోరు తగ్గించాలి. 1931 సెప్టెంబరు 13న బూత్‌మన్ గంటకు 340 మైళ్ళ సగటు వేగంతో ట్రోఫీని గెలిచాడు. అదే నెల 29న స్టెయిన్‌ఫోర్త్ ఎస్.6బిలో 407 మైళ్ళ వేగం దాటి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు.

అయితే 1936లో మొదటిసారి ఎగిరిన మిచెల్ యుద్ధ విమానం స్పిట్‌ఫైర్ రెక్కల తొడుగులో నీరు లేదు. పందెంలో రెక్కకు గాలే తగులుతుంది. యుద్ధంలో తూటాలు కూడా తగులుతాయి. రెక్క నిండా నీరుంటే ఒక్క చిల్లు చాలు, ఇంజను మాడటానికి. అందుచేత స్పిట్‌ఫైర్ రేడియేటరు రెక్క కింద చిన్న పెట్టెలో ఒదిగింది.

మీకు ఎక్కడైనా కొత్త ఇంజను కనబడితే దాని బలం సంగతి తరవాత అడగండి. ముందు దాని వేడి ఎటు పోతున్నదో వెతకండి. అది కనిపెడితే, దాన్ని చేసినవాడు ఎంత ఆలోచించాడో మీకే తెలుస్తుంది.