ఖరగ్‌పూర్‌లో పాత హోదాల వెంట

ఖరగ్‌పూర్ అనగానే మనలో చాలామందికి ముందుగా గుర్తుకు వచ్చేది దాని పొడవైన ప్లాట్‌ఫారం. 1072.5 మీటర్ల ఆ ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలో మొదటిది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దానిని మించిపోయాయి. సంస్థ పనిమీద అక్కడికి వెళ్ళిన మాకు మాత్రం ఆ ఊరిలో విన్న ఒక్క మాట ఎక్కువగా గుర్తుండిపోయింది.

గోల్‌బజారులో తెలుగు వినబడి ఆగాము. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాలవారు ఇక్కడి వర్క్‌షాపులో పనికి వచ్చి స్థిరపడినారు. మాతో మాట కలిపిన పెద్దాయన, “మా తాతగారు కలాసీగా చేరారండి” అన్నారు. ఆ కంఠంలో గర్వం ధ్వనించింది. కలాసీ అన్న మాట ‘విడుదల’ అనే అర్థం గల అరబ్బీ ‘ఖలాస్’ నుండి వచ్చిందంటారు. ఓడల మీది పనివానికి చెల్లిన పేరు రైలు కార్ఖానా కార్మికునికీ దక్కింది.

ఆ సాయంత్రం మా ప్రసంగమంతా హోదాల చుట్టూనే తిరిగింది. 17వ శతాబ్దంలో గోలకొండ సుల్తానుల తరఫున మచిలీపట్నం రేవును ఏలిన అధికారి పేరు హవల్దారు. డచ్చి, ఆంగ్ల వర్తకులు ఆయన అనుగ్రహం కోసం కాచుకొని ఉండేవారు. నేడు హవల్దారు అంటే భుజాన మూడు పట్టీలు గల సైనికుడు. మొగలుల కాలంలో సుబేదారు ఒక రాష్ట్రానికే పాలకుడు. నేడు అది సైన్యంలో ఒక మధ్యస్థాయి హోదా.

ఈ మార్పు మన దేశానికే పరిమితం కాదు. 711లో అరబ్బులు స్పెయిన్‌లో అడుగుపెట్టిన తరువాత వారి పదవుల పేర్లు అక్కడి భాషలో కలిసిపోయాయి. నాయకుడు అనే అర్థం గల ‘అల్ ఖాయిద్’ స్పానిష్‌లో ‘అల్కాయిదే’ అయి, కోట అధిపతికి పేరైనది. కాలక్రమాన ఆయనే జైలు అధికారిగా మిగిలాడు. న్యాయాధికారి ‘అల్ ఖాదీ’ నగరాధ్యక్షుడైన ‘అల్కాల్దే’ అయ్యాడు. మంత్రి అయిన ‘వజీరు’ న్యాయస్థానపు బంట్రోతు ‘అల్గువాసిల్’ స్థాయికి దిగాడు. భూమి మీది ‘అమీరు’ మాత్రం సముద్రానికి ఎక్కి ‘అడ్మిరల్’ అయ్యాడు. మన నవాబు ఇంగ్లీషులో ‘నేబాబ్’గా మారి, భారతదేశంలో సొమ్ము చేసుకొని స్వదేశం చేరిన ఆంగ్లేయునికి ఎగతాళి పేరైనాడు.

మరునాడు హిజిలీ చూడబోయాము. 1930లో ఆంగ్ల ప్రభుత్వం అక్కడ రాజకీయ ఖైదీల నిర్బంధ శిబిరం నెలకొల్పింది. 1931 సెప్టెంబరు 16న కాపలాదారుల కాల్పులలో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా నేలకొరిగారు. 1951లో దేశంలోని మొదటి ఐ.ఐ.టి. ఆ భవనంలోనే ప్రారంభమైనది. జైలు అధికారి నడచిన వసారాలలో ఆచార్యులు నడిచారు. స్పెయిన్‌లో కోట అధిపతి పేరు జైలుకు దిగిపోతే, ఇక్కడ జైలు విద్యాలయంగా ఎదిగింది.

మన కార్యాలయాలలో హోదా పేరు ఒక్క అక్షరం మారినా ఎంత చర్చ జరుగుతుందో అందరికీ తెలిసినదే. హవల్దారు పేరు నిలిచింది గాని మచిలీపట్నంలో ఆయన అధికారం నిలువలేదు. పెద్దాయన తాతగారు అధికారమేదీ ఎరుగరు. ఆయన చేతి పనిని మాత్రం మూడవ తరం గర్వంగా తలచుకొంటున్నది. తిరుగు ప్రయాణంలో ఆ పొడవైన ప్లాట్‌ఫారం మీద నడుస్తూ, మా హోదాల మాట ఎవ్వరమూ ఎత్తలేదు.