ఆరంభశూరుడి ట్యాంకు

‘ఆంధ్రులు ఆరంభశూరులు’ అని పెద్దవాళ్లు ఓ మాట అనేవారు. మొదలుపెట్టడంలో మనల్ని మించినవాళ్లు లేరు, పూర్తిచేయడం దగ్గరే చేతులెత్తేస్తాం అని. మా ఇంట్లో ఆ బిరుదు పన్నెండేళ్ల మావాడికి దక్కింది. కీబోర్డు మూడు నెలలు, కరాటే రెండు నెలలు, చదరంగం ఒక్క వేసవి. బిరుదిచ్చిన నాయనమ్మ నవ్వుతూనే అనేది. వాడు మాత్రం నిజమేననుకున్నాడు. ఏదైనా కొత్తది అడిగేటప్పుడు ‘ఎలాగూ మధ్యలో వదిలేస్తాలే’ అని తనే అనేసేవాడు. నా మనసు చివుక్కుమనేది ఆ మాటకే.

అలాంటివాడు ముక్కలు అతికించి తయారుచేసే ప్లాస్టిక్ ట్యాంకు కావాలన్నాడు. నా బెంగ డబ్బు గురించి కాదు. ఇదీ సగంలో ఆగితే వాడు తనకు తాను వేసుకున్న ముద్ర మరి చెరగదు. అందుకే ఇలాంటి మోడళ్లు చేసే అలవాటున్న మా తమ్ముణ్ని వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లాం.

మావాడి చూపు నేరుగా జర్మనీవాళ్ల టైగర్ మీద పడింది. పెట్టె మీద మంటల్లోంచి దూసుకొస్తున్న బొమ్మ. మేనమామ ఆ పెట్టెను పక్కకు తిప్పాడు.

‘ఇందులో ట్రాక్ లంకెలు విడివిడిగా ఉన్నాయిరా. టైగర్‌కి ఒక్కోవైపు 96. రెండువైపులా ఎన్ని?’

‘192.’

‘ఒక్కొక్కటీ కత్తిరించి, అంచులు అరగదీసి, అతకాలి.’

మావాడు మాట్లాడలేదు. ‘అయితే ఇదిగో, చిన్నది’ అన్నాన్నేను, పక్కనున్న 1/72 పెట్టె చూపిస్తూ. అసలు ట్యాంకులో 72వ వంతు అన్నమాట, అరచేతిలో ఇమిడిపోతుంది. తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. బొమ్మతోపాటు ముక్కలూ చిన్నవైపోతాయట. కొత్త చేతులకు 1/35 నయమన్నాడు. ఆ కొలత వెనక కథ కూడా చెప్పాడు. జపాన్ కంపెనీ టామియా 1960ల మొదట్లో మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు చేసినప్పుడు, లోపల బ్యాటరీలు పట్టాలి కదా అని ఎంచుకున్న సైజట అది. తర్వాత లోకమంతా దాన్నే పట్టుకుంది.

చివరికి తేలింది షెర్మన్. ట్రాక్ బెల్టులా ఒకే ముక్క. వంచి అతకాల్సిన ఇత్తడి రేకులు లేవు. ఒళ్లంతా ఒకటే ఆకుపచ్చ రంగు. పూర్తయితే 17 సెంటీమీటర్లు, అంటే జానెడుకు కాస్త తక్కువ.

‘అమెరికా ట్యాంకా?’ అని మావాడు మూతి ముడిచాడు.

‘1965 సెప్టెంబరులో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్థాన్ ప్యాటన్ ట్యాంకులను ఎదుర్కొన్నవాటిలో షెర్మన్లూ ఉన్నాయి. వాటిని నడిపింది దక్కన్ హార్స్ రెజిమెంటు. దాని పుట్టుక 1790 నాటి నిజాం సైన్యంలో. అంటే మన హైదరాబాదుదే’ అన్నాడు తమ్ముడు. మనవాళ్లవి మార్పులు చేసినవి, పెట్టెలోది అచ్చం అదే కాదు అని కూడా చెప్పాడు. మావాడికి ఆ మాట పట్టలేదు. పెట్టెను అప్పటికే చంకలో పెట్టేసుకున్నాడు.

షెర్మన్‌కి చక్రాలు రెండేసి చొప్పున ఆరు బోగీల మీద ఉంటాయి. ఆరూ ఒకే తీరు. మొదటిది అతకడానికి గంటన్నర పట్టింది. ఆరోది పావుగంటలో అయిపోయింది. ఏ గురువూ చెప్పని పాఠం అది, చేతులకు వాటంతటవే వచ్చేసింది. జిగురుకూ ఓ గుణముంది. ప్లాస్టిక్ సిమెంట్ అంచుల్ని కాస్త కరిగించి ఒకటి చేస్తుంది. ఆరేలోగా సర్దుకునే వ్యవధి ఇస్తుంది. ఫెవిక్విక్‌లా అంటుకోగానే బిగుసుకుపోదు. వాసన ఘాటు కాబట్టి కిటికీ తెరిచే ఉంచాం.

మూడో ఆదివారం పెట్టె మంచం కిందికి వెళ్లింది. నాకు అలవాటైన దృశ్యమే. నేనేమీ అనలేదు, నాయనమ్మను కూడా అననివ్వలేదు. నాలుగు రోజుల తర్వాత వాడే బయటికి లాగాడు. ‘ఇంక టరెట్టేగా మిగిలింది’ అన్నాడు. నేను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. విసుగొచ్చే చోటు ప్రతి పనిలోనూ ఉంటుంది. అక్కడ నిలబడి చూస్తే చివర కనిపించాలి. 192 లంకెల మధ్య నిలబడితే కనిపించదు. మొదటి కిట్‌కి ఇంతకు మించిన అర్హత అక్కర్లేదని నాకనిపిస్తుంది.

ఆరో ఆదివారానికి ట్యాంకు తయారైంది. నీళ్లలో నానబెట్టి అంటించిన తెల్ల నక్షత్రం కాస్త వంకరగా ఉంది. టరెట్ అతుకు దగ్గర సన్నని గీత కనిపిస్తుంది. అయినా ఫిరంగి తిరుగుతుంది. నాయనమ్మ టీవీ పక్కనున్న ఇత్తడి గుర్రాన్ని జరిపి చోటిచ్చింది. బిరుదు మాట మళ్లీ ఎత్తలేదు.

మొన్న మావాడు మళ్లీ దుకాణానికి తీసుకెళ్లమన్నాడు. ఈసారి సెంచూరియన్ కావాలట. పెట్టె చేతికి రాగానే పైబొమ్మ వైపు చూడనైనా లేదు, తిప్పి ట్రాక్ ఎన్ని ముక్కలో వెతుకుతున్నాడు.