చెంబెడు నీళ్ళు

2018 కార్తీకంలో మా అమ్మాయికి మొదటి కాన్పు. సిజేరియన్ చేశారు. తొమ్మిదో రోజు పొద్దున్న వేణ్ణీళ్ళ స్నానానికి కూర్చోబెట్టి, సున్నిపిండి మర్చిపోయానని లోపలికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి అది బకెట్లో నీళ్ళు దోసిటపట్టి గటగటా తాగేస్తోంది. ఒంటికి పోసుకునే నీళ్ళు! నన్ను చూడగానే గబుక్కున దోసిలి వదిలేసింది. గడ్డం మీంచి ఇంకా నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

కన్నకూతురికి ఆ గతి పట్టించింది నేనే.

పొద్దున అరగ్లాసు, మధ్యాహ్నం అన్నంలోకి అరగ్లాసు, రాత్రి మాత్రలకి రెండు గుక్కలు. అదీ కాచి చల్లార్చినవి. పచ్చిబాలింత నీళ్ళు తాగితే పొట్ట జారిపోతుందని, కుట్లు చీముపడతాయని మా అమ్మ నాకు చెప్పింది, నేను దానికి చెప్పాను. పప్పు చీము, పెరుగు జలుబు, పండ్లు వాతం అన్నాను. ఇక పళ్ళెంలో మిగిలింది వెల్లుల్లి కారం, బీరకాయ కూర, పాత చింతకాయ పచ్చడి. "దాహమమ్మా" అంటే పెదాలు తుడుచుకోమని తడిగుడ్డ చేతికిచ్చాను. ఆ గుడ్డ ఇచ్చిన చేతిని ఈనాటికీ క్షమించుకోలేకపోతున్నాను.

మా అమ్మది తప్పని అనను. ఆవిడ కాలంలో మా భీమవరం వైపు పల్లెల్లో తాగడానికి చెరువు నీళ్ళే. కాలవ వదిలినప్పుడు చెరువు నింపుకుంటే ఎండాకాలమంతా అవే. ఆ నీళ్ళు బాలింతకి పడవని భయపడి ఉంటారు. కాచి ఇవ్వమన్న జాగ్రత్త పోగాపోగా అసలు ఇవ్వొద్దనే పథ్యంగా మారిందని నా ఊహ.

పన్నెండో రోజుకి జ్వరం వచ్చింది, మూత్రం మంట. విరేచనం కాక ముక్కితే కుట్లు లాగేస్తున్నాయని ఏడ్చింది. డాక్టరమ్మ పరీక్ష చేయించి మూత్రంలో ఇన్ఫెక్షన్ అని తేల్చింది. "తల్లిపాలల్లో వందకి 87 పాళ్ళు నీళ్ళేనమ్మా. మీరు పోయకపోతే పిల్లకి పాలు పడడానికి తన ఒంట్లో ఏం మిగులుతుంది?" అని అడిగింది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేదేమో. బిడ్డకి పాలిచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు తాగించమంది. పాలిచ్చే తల్లి మామూలుగా తినేదానికన్నా రోజుకి 600 కేలరీలు ఎక్కువ తినాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. నేను ఉన్న తిండిలోనే సగం కోసేశాను.

నీళ్ళ విషయం ఆ రోజే దిద్దుకున్నాను. దాని మనసు సంగతి మాత్రం అప్పటికీ నాకు తట్టలేదు.

నాలుగో రోజే ఊరికే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కాన్పయ్యాక మూడు నాలుగు రోజులకి అలా రావడం మామూలేననీ, రెండు వారాల్లో సర్దుకుంటుందనీ, అంతకు మించి సాగితేనే గట్టిగా పట్టించుకోవాలనీ తర్వాత తెలిసింది. "పచ్చిబాలింత ఏడిస్తే కళ్ళు పోతాయే" అన్నాను. దాంతో నా ఎదుట ఏడవడం మానేసింది. నెల దాటాక పాప ఏడుస్తున్నా గోడవైపు తిరిగి పడుకునేది. పాప నిద్రపోయినా తనకి కన్ను మూతపడేది కాదు. ఒక రాత్రి, "దీన్ని నువ్వే పెంచుకో అమ్మా" అంది. బంగారం లాంటి బిడ్డని పెట్టుకుని అవేం మాటలని కసిరాను.

ఆరో వారం చూపించుకోవడానికి వెళ్తే డాక్టరమ్మ దానికో కాగితం ఇచ్చింది. కాన్పయ్యాక తల్లి మనసు కుంగిందేమో కనిపెట్టడానికి ఎడిన్‌బరో పేరుతో 1987 నుంచీ వాడుకలో ఉన్న పది ప్రశ్నలు. చిట్టచివరి ప్రశ్న, నన్ను నేను ఏమైనా చేసుకోవాలని అనిపించిందా అని. ఎప్పుడూ లేదన్న చోట మా అమ్మాయి టిక్కు పెట్టలేదు.

నలభై రోజులు పక్కమంచం మీదే పడుకున్నాను. నాకు తెలియలేదు.

ఆ సాయంత్రమే మానసిక వైద్యుల దగ్గరికి వెళ్ళాం. పాలిస్తూ వాడుకోదగ్గ మందులే రాశారు. రాత్రి నాలుగు గంటలైనా ఏకబిగిన నిద్రపోనివ్వాలని నాకు మరీ మరీ చెప్పారు. మనిషి మునుపటిలా కావడానికి ఐదు నెలలు పట్టింది. ఇప్పుడైతే 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే మానసిక సహాయ సేవలో తెలుగులోనే మాట్లాడతారు. బాలింత ఉన్న ప్రతి ఇంట్లో ఈ నంబరు గోడమీద రాసి ఉంచాలని నా కోరిక.

అల్లుడుగారి విషయంలోనూ తప్పు చేశాను. ఆయన రైల్వే ఉద్యోగి, భార్య కాన్పుకి పదిహేను రోజుల సెలవుంది. "పురిటి గదిలో మగవాళ్ళకేం పనండీ, మేమున్నాంగా" అని పంపేశాను. ఆదివారాలు వచ్చి, చుట్టంలా కుర్చీలో కూర్చుని, పాపని రెండు నిమిషాలు ఎత్తుకుని వెళ్ళిపోయేవారు. దాని గుండెలో మాట చెప్పుకోగలిగిన ఒక్క మనిషినీ నేనే దూరం పెట్టాను.

2024లో రెండో కాన్పు. అన్నీ వదిలేశానా అంటే లేదు. ఒంటికి నువ్వులనూనె మర్దనా ఉంది. తెలగపిండి, మునగాకు కూర ఉంది. కాయం దానికిష్టమైతేనే పెట్టాను. పసివాడి గదిలో సాంబ్రాణి పొగ మాత్రం మానేశాం, లేత ఊపిరితిత్తులకి మంచిది కాదన్నారు. పప్పూ పెరుగూ పళ్ళెంలోకి వచ్చాయి. అల్లుడుగారు సెలవు పెట్టుకుని మా ఇంట్లోనే ఉన్నారు. రాత్రి పది గంటల పాలయ్యాక పిల్లాణ్ణి భుజాన వేసుకుని, తేన్పు వచ్చేదాకా వీపు నిమురుతూ వరండాలో తిరిగేవారు. గదిలో మా అమ్మాయి నిద్రపోయేది. ఎలా ఉందని రోజూ పొద్దున్నే ముందు దాన్నే అడిగేదాన్ని. ఏడుపొస్తోందంటే ఏడవనిచ్చి పక్కన కూర్చున్నాను.

ఆరేళ్ళ పెద్దది నన్ను చూసి నేర్చుకుంది. ఒక మధ్యాహ్నం చెంబుని రెండు చేతులతో పట్టుకుని, తొణక్కుండా అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, "అమ్మా, మొత్తం తాగాలి" అంది. చెంబు వంచి ఖాళీ అయిందో లేదో చూసుకునేదాకా మంచం దగ్గర నుంచి కదల్లేదు.