యెరూషలేము ప్రయాణానికి కొండపల్లిలో సిద్ధపాటు



యెరూషలేము చూడాలన్న కోరిక లేని విశ్వాసి కుటుంబం మా కొండపల్లి పరిసరాల్లో అరుదు. థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనబడే పేటల్లోనూ, ఇబ్రహీంపట్నం రింగు దగ్గర బండి మీద పళ్ళు అమ్ముకొనేవారి ఇళ్ళలోనూ గోడకు గలిలయ సముద్రం బొమ్మ ఉన్న క్యాలెండరు వేలాడుతూనే ఉంటుంది. మన తాతల కాలంలో అది క్యాలెండరులో చూసి తృప్తిపడవలసిన సంగతే. ఇశ్రాయేలుతో మన దేశానికి పూర్తి రాయబార సంబంధాలు ఏర్పడినదే 1992 జనవరి 29న. 2008లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం క్రైస్తవుల పరిశుద్ధ దేశ యాత్రకు 20,000 రూపాయల సహాయం ప్రకటించింది. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ సహాయాన్ని ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం గలవారికి 60,000 రూపాయలు, అంతకు మించిన ఆదాయం గలవారికి 30,000 రూపాయలు చేసింది. దానితో కూలినాలి చేసుకొనేవారు సైతం "అయ్యగారూ, మాకు కూడా వీలవుతుందా?" అని అడగడం మొదలుపెట్టారు.

వీలవుతుంది. అయితే ఆ సహాయం అన్ని సంవత్సరాలూ ఒకే తీరుగా ఉంటుందనుకోవద్దు. రాష్ట్ర క్రైస్తవ మైనారిటీల ఆర్థిక సంస్థ కార్యాలయంలో ఈ ఏడు దరఖాస్తులు తీసుకొంటున్నారో లేదో కనుక్కొన్న తరువాతే ఎవరికైనా డబ్బు కట్టండి.

మనవాళ్ళలో చాలామందికి భయమంతా ఆ దేశపు విమానాశ్రయం మీదే. అక్కడ ఏమడుగుతారో, ఇంగ్లీషు రాకపోతే ఎట్లాగో అని దిగులు. నేను చూసినంతవరకు మన గ్రామాల వారి ప్రయాణం అక్కడ ఆగదు. ఇంట్లో ఇనప్పెట్టెలో ఉన్న కాగితాల దగ్గరే ఆగిపోతుంది.

ఒక తల్లి సంగతి చెబుతాను. బాప్తిస్మపు రిజిస్టరులో ఆమె పేరు సువార్తమ్మ అనుకోండి. రేషను కార్డులో తల్లిదండ్రులు పెట్టిన పాత పేరు ఉంది. ఆధారులో సువార్తమ్మే గాని ఇంటిపేరు పుట్టింటిది. బ్యాంకు పుస్తకంలో అత్తింటి ఇంటిపేరు. పుట్టిన తేదీ ఒక దానిలో జనవరి ఒకటి, ఇంకొక దానిలో జూలై ఒకటి. పాపం, ఆమె ఎవరినీ మోసం చేయలేదు. రాసుకోవడానికి ఎవరు వస్తే వారు తమకు తోచినట్లు రాసుకొని పోయారు. అయితే పాస్‌పోర్టు దరఖాస్తు తీసుకొనే విజయవాడ కేంద్రంలోని గుమాస్తాకు ఈ నాలుగు కాగితాలు నలుగురు మనుషుల్లాగా కనబడతాయి. అతన్ని తప్పుపట్టలేము.

"దేవుడు తీసుకొని వెళ్ళేటప్పుడు కాగితాలు ఎందుకండీ" అనే సహోదరులు ఉన్నారు. నెహెమ్యా కంటె ఎక్కువ విశ్వాసం వారికి ఉన్నదని నేను అనుకోను. అతడు రాజుకు పానదాయకుడు, రాజు దయ పొందినవాడు, దేవుని పని మీదనే యెరూషలేముకు బయలుదేరాడు. అయినా నది అవతలి అధికారులు తనను దాటనిచ్చేటట్లు ఉత్తరాలు ఇమ్మని రాజైన అర్తహషస్తను ముందే అడిగి పుచ్చుకొన్నాడు. ఈనాటి వీసా అటువంటి ఉత్తరమే.

ఇంటిపేరు చిక్కు కూడా కొత్తది కాదు. ఎజ్రా గ్రంథంలో చెరనుండి తిరిగి వచ్చిన వారి జాబితా చూడండి. ఒక కుటుంబపు పెద్ద బర్జిల్లయి కుమార్తెను పెండ్లి చేసుకొని భార్య వైపు వారి పేరుతో పిలువబడ్డాడు. అతని సంతతివారు వంశావళిలో తమ పేరు వెదికితే దొరకలేదు. వారిని యాజకత్వం నుండి తప్పించారు. మన ఇల్లరికపు అల్లుళ్ళు ఈ భాగాన్ని ఒకసారి చదువుకోవాలి.

ఇక అక్షరాల సంగతి. దానమ్మ అనే పేరును ఇంగ్లీషులో ఒకరు డి పక్కన హెచ్ పెట్టి రాస్తారు, ఇంకొకరు పెట్టరు. టిక్కెట్టు మీద ఒక తీరు, పాస్‌పోర్టు మీద ఒక తీరు ఉంటే విమానం ఎక్కేచోటనే తగువు. న్యాయాధిపతుల కాలంలో యొర్దాను రేవుల దగ్గర గిలాదువారు ఎఫ్రాయిమువారిని షిబ్బోలెతు అనమన్నారు. వాళ్ళు సిబ్బోలెతు అన్నారు. ఆ ఒక్క శబ్దానికి పడినవారు నలువది రెండు వేలమంది. ఇప్పుడు ప్రాణాలు పోవు గాని, లక్షకు పైగా కట్టిన డబ్బు పోతుంది.

2022 నవంబరులో దుబాయి ఉన్న ఎమిరేట్స్ దేశం ఒక కొత్త నియమం తెచ్చింది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి ఒక్క పేరే ఉన్నవారికి సందర్శకుల వీసా మీద ప్రవేశం లేదన్నారు. మన యాత్రలు అనేకం దుబాయి మీదుగానే పోతాయి. విమానాశ్రయంలో విమానం మారేవారికి ఇబ్బంది లేదు గాని, ఒక పూట ఊరు చూపిస్తామని ఆశపెట్టే యాత్రల్లో ఒంటిపేరు వారు బయటకు పోలేరు. మన ఆడవారి పాత పాస్‌పోర్టులు కొన్ని ఇట్లా ఒంటిపేరుతోనే ఉన్నాయి. ఇప్పుడే సవరించుకోవడం మంచిది.

పుట్టిన తేదీ పత్రం లేదని బెంగపడే పెద్దలకు ఒక మాట. 2025లో వచ్చిన సవరణ ప్రకారం జనన ధృవపత్రం తప్పనిసరి అయినది 2023 అక్టోబరు 1న గాని, ఆ తరువాత గాని పుట్టినవారికి మాత్రమే. మీవంటి వారికి బడి టి.సి., పాన్ కార్డు, డ్రైవింగు లైసెన్సు వంటివి ఇప్పటికీ చెల్లుతాయి. పాస్‌పోర్టు ఉన్నవారు దాని గడువు చూసుకోండి. ప్రయాణం నాటికి కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలి.

ఇక్కడ ఒక సున్నితమైన సంగతి చెప్పక తప్పదు. ప్రభుత్వ సహాయం క్రైస్తవులకు. క్రైస్తవుడనని కాగితం మీద చెప్పాలి. ఆ కాగితం కోసం సంఘకాపరి దగ్గరకు వస్తారు. మన సంఘాల్లో అనేకులు షెడ్యూల్డు కులాల నుండి వచ్చినవారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ మతం అవలంబించిన వారిని షెడ్యూల్డు కులంగా ఎంచరు. మన రాష్ట్రంలో వారు బి.సి.-సి కిందికి వస్తారు. బాప్తిస్మం తీసుకొన్నంత మాత్రాన పేటలోని పేదరికం గాని, ఊరిలోని చిన్నచూపు గాని పోలేదని మనకు తెలుసు. కనుక ఆ ఉత్తర్వు న్యాయమైనదని నేను అనను. కాని తండ్రి యెరూషలేము యాత్రకు క్రైస్తవుడుగా దరఖాస్తు పెట్టి, అదే నెలలో కుమారుని ఉద్యోగానికి వేరే మతం రాసుకొంటే రేపు ఆ పిల్లవాని జీవితం మీదికి వస్తుంది. అటువంటి ఇంటివారు నా దగ్గరకు వచ్చినప్పుడు, భార్యాభర్తలు, పెద్ద పిల్లలు కలిసి కూర్చొని మాట్లాడుకొన్న తరువాతే రమ్మని పంపుతున్నాను. కొందరు తిరిగి రారు. వారిని నేను తక్కువగా చూడను. యెరూషలేము చూడనివారికి పరలోకం లేదని ఏ అపొస్తలుడూ చెప్పలేదు. పాగోలు వెంకయ్యగారు వెదకుచు వెదకుచు చివరకు డార్లింగు దొరగారి చేత 1859లో బాప్తిస్మం పొందింది ఈ కృష్ణా ప్రాంతంలోనే, రాఘవాపురంలో. ఆయన యొర్దాను చూడలేదు.

దూరాన ఉన్న ద్వారాల నియమాలు మాత్రం మన చేతిలో లేవు. 2020 మార్చిలో కరోనా వచ్చి ఇశ్రాయేలు యాత్రికులకు తలుపు వేసింది. 2022 మార్చి 1 నుండి గాని టీకాతో నిమిత్తం లేకుండా అందరినీ రానివ్వలేదు. 2023 అక్టోబరు 7న యుద్ధం మొదలైంది. అప్పుడు మేఘాలయ రాష్ట్రపు యాత్రికులు 27 మంది బేత్లెహేములో చిక్కుకొని, చివరకు ఐగుప్తు సరిహద్దు దాటి బయటపడ్డారు. హేరోదు కాలంలో మరియ యోసేపులు పట్టిన దారి కూడా అటువైపే. 2025 జూన్‌లో ఇరానుతో యుద్ధం వచ్చి అక్కడి ఆకాశమార్గమే కొన్నాళ్ళు మూసివేశారు. కనుక తేదీ ఖాయమైన తరువాత కూడా మన విదేశాంగ శాఖ హెచ్చరికలు చూసుకొంటూ ఉండాలి.

2025 జనవరి నుండి రెండు మార్పులు ఒకేసారి వచ్చి జనాన్ని తికమక పెట్టాయి. వీసా అక్కరలేని దేశాలవారు ముందుగా కంప్యూటరులో అనుమతి తీసుకోవాలన్నది ఒకటి. మన భారతీయులకు ఎలక్ట్రానిక్ వీసా ఇవ్వడం రెండవది. అమెరికా పౌరసత్వం తీసుకొన్న కుమారుడు మీతో కలిసి వస్తున్నాడనుకోండి. అతనికి కావలసినది మొదటిది, మీకు కావలసినది వీసా. "మా అబ్బాయికి వీసా లేకుండానే అయిపోయింది" అని మీరు ఊరుకొంటే అతడు ఒక్కడే వెళ్తాడు. పైగా మన యాత్రలు సాధారణంగా యొర్దాను, ఇశ్రాయేలు, ఐగుప్తు మూడు దేశాలు తిరుగుతాయి. మూడింటి అనుమతులూ విడివిడిగా ఉన్నాయో లేదో అడగండి.

పాస్‌పోర్టు మీద ఇశ్రాయేలు ముద్ర పడితే గల్ఫులో ఉన్న పిల్లల దగ్గరకు పోలేమేమో అని కొందరు అడుగుతారు. 2013 నుండి అక్కడ పాస్‌పోర్టు మీద ముద్ర వేయడం మానుకొని చిన్న చీటీ ఇస్తున్నారు. కాని తాబా దగ్గర ఐగుప్తులోకి దాటినప్పుడు ఐగుప్తువారు వేసే ముద్ర చూస్తే మీరు ఎటునుండి వచ్చారో ఎవరికైనా తెలిసిపోతుంది. లెబనాను వంటి దేశాలు దాన్ని ఒప్పుకోవు. గల్ఫులో పని చేసుకొనేవారు తమ దేశపు నియమం ముందే కనుక్కోవాలి. ఆ చీటీని మాత్రం బైబిలులో పెట్టి మరిచిపోకండి, తిరుగు ప్రయాణం దాకా పాస్‌పోర్టుతోనే ఉంచండి. బేత్లెహేము పాలస్తీనా అధికారం కింద ఉంది. అక్కడనుండి యెరూషలేముకు తిరిగి వచ్చేటప్పుడు తనిఖీ ఉంటుంది.

బేత్లెహేము మాట వచ్చింది గనుక చెబుతున్నాను. అక్కడ క్రైస్తవ కుటుంబాలు తరతరాలుగా ఒలీవ కర్రతో బొమ్మలు చెక్కి అమ్ముకొని బ్రతుకుతున్నాయి. మన బొమ్మల కాలనీలో తెల్లపొణికి కర్రతో చేతులు వేరుగా, తల వేరుగా చెక్కి, చింతగింజల మక్కుతో అతికే వారిని చూసినప్పుడు వారు గుర్తుకు వస్తారు. 2023 క్రిస్మసుకు బేత్లెహేములో బహిరంగ వేడుకలు జరగలేదు. యాత్రికులు రాకపోతే ఆ పనివారి పొయ్యి వెలగదు. 2020లో కొండపల్లికి కొనేవారు రాక మన బొమ్మలవారు పడిన బాధ మనం కళ్ళారా చూశాము. వెళ్ళినవారు బేరం మరీ గీచి ఆడకండి. ఇక్కడినుండి ఒక దశావతారాల సెట్టు కాకపోయినా, ఒక తాడిచెట్టు బొమ్మో ఎడ్లబండో పట్టుకొని వెళ్ళి వారి చేతిలో పెడితే ఒక చేతిపనివాడి పని ఇంకొక చేతిపనివాడికి అర్థమవుతుంది, భాష అక్కరలేదు.

డబ్బు విషయం. మాకు తెలిసిన ఒక గుంపు ఒక ట్రావెల్స్‌కు మొత్తం సొమ్ము ముందే కట్టింది. యాత్ర ఆగిపోయింది, సొమ్ము ఏడాది దాటినా పూర్తిగా రాలేదు. రసీదు పుస్తకంలో ఎవరి పేరూ సరిగా లేదు. కనుక రద్దయితే ఎంత తిరిగి ఇస్తారో, ఎన్నాళ్ళలో ఇస్తారో రాతమూలకంగా తీసుకొని, వాయిదాలలోనే కట్టండి. పాస్‌పోర్టు ఏజెంటు చేతికి ఇవ్వవలసి వస్తే తేదీ వేసి సంతకం చేయించుకోండి. నగలు కుదువపెట్టి మాత్రం వెళ్ళవద్దు.

మా సంఘంలో బుధవారం సాయంత్రం ప్రార్థన అయిన తరువాత కాగితాలు చూడడానికి కూర్చొంటున్నాను. ఆధారు, రేషను కార్డు, బ్యాంకు పుస్తకం, ఉంటే పాత పాస్‌పోర్టు తీసుకొని రండి. దూరపు గ్రామాలవారు మీ సంఘకాపరిని ఇట్లాగే కూర్చోమని అడగండి. కళ్ళజోడు మరిచిపోవద్దు, అక్షరం అక్షరం మీరే చదివి చూసుకోవాలి.