వాయుసఖుడు, పెట్రోలింజను

తెలుగు పండితుడికి పెట్రోలింజనుతో ఏమి పని అని మిత్రులు నవ్వుకోవచ్చు. నాకు ఆ పని పెట్టినవాడు నా శిష్యుడే. అరకు లోయలో నావద్ద పదో తరగతి వరకు చదువుకున్న గిరిజన బాలుడు. ఇప్పుడు చెన్నైలో డాక్టరేటు పరిశోధన చేస్తున్నాడు. సిలిండరులో సుళ్లు తిరిగే గాలిలో పెట్రోలు ఎట్లా కాలుతుందో కంప్యూటరుచేత లెక్క కట్టించడం అతని విషయం. సంక్రాంతికి వచ్చినప్పుడు, "మాస్టారూ, ఆరో ఏడు నడుస్తోంది. కంపెనీ వాళ్లు ఉద్యోగానికి పిలుస్తున్నారు. ఇంకొక్క ఏడాది ఆగమని నాన్నను అడగాలి, కాని నేనేం చదువుతున్నానో ఆయనకు చెప్పలేకపోతున్నాను. మీరు తెలుగులో చెప్పిపెట్టండి" అన్నాడు.

ముందు నాకు చెప్పు నాయనా అన్నాను. రెండు సాయంత్రాలు పట్టింది.

నాకు బోధపడిన సంగతి ఇది. నిలకడగా ఉన్న పెట్రోలు ఆవిరి, గాలి మిశ్రమానికి నిప్పంటిస్తే జ్వాల సెకనుకు సుమారు 40 సెంటీమీటర్లు మాత్రమే ముందుకు చొచ్చుకుపోతుంది. నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజనులో ఒక చుట్టుకు పట్టే కాలం సెకనులో 50వ వంతు. మంట పని ఆ చుట్టులోనూ ఏడో వంతులో ముగియాలి. ప్లగ్గునుండి గోడకు దూరం నాలుగు సెంటీమీటర్లనుకుంటే, ఆ నడకతో మంట గోడ చేరేసరికి ఇంజను ఐదు చుట్లు తిరిగిపోతుంది! లోపలి వేడివల్ల, కాలిన వాయువు వ్యాకోచించడంవల్ల వేగం కొన్ని రెట్లు పెరిగినా లెక్క కుదరదు.

కుదిర్చేది సుడి. వాల్వు సందులోనుండి దూసుకొచ్చిన గాలి సిలిండరులో సుళ్లు తిరుగుతుంది. ఆ సుళ్లు జ్వాలను మడతలు మడతలుగా ముడతపెడతాయి. మడతపడిన కొద్దీ మండే వైశాల్యం పెరుగుతుంది. డామ్‌కోలర్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు 1940లోనే ఈ మాట చెప్పాడట. ఇంజను వేగం రెట్టింపైతే సుళ్ల ఉధృతి కూడా ఇంచుమించు రెట్టింపవుతుంది, కనుక మంట వెనుకబడదు. ఇది విన్నప్పుడు నేను కుర్చీలో సర్దుకు కూర్చున్నాను. అమరకోశంలో అగ్నికి వాయుసఖుడని పేరున్నది. తొమ్మిదో తరగతిలో వీడిచేత ఆ పర్యాయపదాలు వల్లె వేయించినవాడిని నేనే.

మరి ఇన్నేళ్లు ఎందుకు? పెద్ద సుళ్లు సెంటీమీటరు ప్రమాణంలో ఉంటే, చిన్నవి మిల్లీమీటరులో నూరో వంతు. అన్నిటినీ లెక్కించాలంటే సూపరు కంప్యూటర్లకు సైతం భారమే. అందుచేత పెద్దవాటిని లెక్కించి, చిన్నవాటి ప్రభావాన్ని ఒక సూత్రంతో ఊహిస్తారు. 1963లో స్మాగొరిన్స్కీ వాతావరణ గణనకోసం ప్రతిపాదించిన ఉపాయమే ఇంజనులోకీ వచ్చింది. మన తుఫానుకూ స్కూటరుకూ ఈ చుట్టరికం ఉన్నదని నేనెరుగను. పాత పద్ధతిలో సగటు మంట ఒక్కటే కనిపిస్తుంది. నిజానికి ఒక విడత మంటలా మరొక విడత మండదు. ఒకసారి చురుకుగా, మరొకసారి బద్ధకంగా మండుతుంది. ఆ బద్ధకానికి కారణమేమిటన్నదే మావాడి సిద్ధాంతవ్యాసం.

విద్యుత్తు కార్లు వస్తుంటే ఇంకా పెట్రోలింజను ఎందుకురా అని నేనే అడిగాను. 2025నాటికి మన పెట్రోలులో ఇథనాలు ఇరవై శాతానికి చేరింది, ఇంధనం మారితే మంట నడక మారుతుంది, లెక్క మళ్లీ కట్టాలి అన్నాడు. అనంతగిరి ఘాటు ఎక్కేసరికి గాలి సముద్రతీరంలోకన్నా నూటికి ఎనిమిది పాళ్లు పలుచన అని కూడా చెప్పాడు. ఒప్పుకున్నాను.

ఇక మాటల బాధ. టర్బులెన్సుకు సంక్షోభమందామంటే పత్రికలవారు దానిని ప్రభుత్వాలకు, బజారు ధరలకు అప్పగించేశారు. అల్లకల్లోలమంటే వినేవాడు భయపడతాడు. సుడి చాలునని తీర్మానించాను. క్వెంచింగు అనే మరొక మాట ఉన్నది, దానికి నిర్వాపణమని వ్రాసిపెట్టుకున్నాను.

శుక్రవారం సంతలో వాళ్ల నాన్న కలిశాడు. ఆయనకు ఇంట ఆదివాసీ ఒడియా, సంతలో తెలుగు. టీ త్రాగుతూ మొదలుపెట్టాను. గాలి సుళ్లు మంటను పెంచుతాయి అనేసరికి ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది మాకు తెల్దా మాస్టారూ? పోడు కాల్చినోళ్లం గదా. గాలి లేకపోతే కొండ కాలదు. తిరుగుడు గాలైతే నాలుగు పక్కలా అంటుకుంటది. మరీ తిరిగితే మంట తెగిపోతది."

పోడు తగునా తగదా అన్నది వేరే చర్చ. పక్కన నిలబడిన మావాడి ముఖం మాత్రం నేను చూశాను. గాలి హద్దు మీరితే స్నేహితుడే మంటను ఆర్పుతాడన్నది అతని నాలుగో అధ్యాయమట. అదే ఆ క్వెంచింగు.

"కంప్యూటర్లో మంటెడితే పొగొస్తదా?" అని అడిగాడు తండ్రి. రాదు నాన్నా అన్నాడు వీడు. "మరి నీ లెక్క సరైనదని ఎవరు చెప్తారు?"

నిజం ఇంజనుకు గాజుకిటికీ అమర్చి, లోపలి మంటను కెమెరాతో తీసి పోల్చుతామని కొడుకు వివరించాడు. మధ్యలో ఎప్పుడో తెలుగు వదిలేసి ఇంటి భాషలోకి వెళ్లిపోయారు. నాకు అందినవి 'ప్లగ్గు', 'కెమెరా' అన్న రెండు మాటలే. టీ డబ్బులిచ్చి నేను పక్కకు జరిగాను.

మిరియాలు అమ్మాక ఏడాది సంగతి చూద్దామన్నాడట. మావాడు కిరండోలు రైలుకు విశాఖ దిగి, అక్కడినుండి చెన్నై వెళ్లాడు. నా చీటీలో నిర్వాపణం పక్కన 'మంట తెగడం' అని చేర్చాను. సిమ్యులేషనుకు మాత్రం అనుకరణమన్న మాట నాకు రుచించడంలేదు. అది నాటకానికి తగిన మాట. మీకెవరికైనా మంచి మాట స్ఫురిస్తే తెలుపగలరు, అతనికి చేరవేస్తాను.